కళ్ళు పెట్టని దేవుడు

మా కాశీబుగ్గలో పిల్లల పుట్టినరోజు ఇప్పుడు ఒక్క కేకుతో సరిపోవడం లేదు. కేకు పక్కన పళ్ళెం నిండా కుకీలు పేర్చాలి, ఆ కుకీలన్నీ కలిసి ఒకే సంగతి చెప్పాలి. అడవి అనుకుంటే సింహం, జిరాఫీ, ఏనుగు, రెండు చెట్లు. సముద్రం అనుకుంటే తిమింగలం, ఆల్చిప్ప, పడవ. ఛోటా భీమ్ అనుకుంటే వాడూ, వాడి లడ్డూలూ. టెక్కలి నుంచీ సోంపేట నుంచీ కూడా ఫోన్లు వస్తాయి. చేసేది నేనొక్కదాన్నే, మా వంటింట్లోనే. ఈ పనిలో చేతికి కష్టమైనవి చాలా ఉన్నాయి గాని, మనసుకు కష్టమైనది ఒక్కటే: దేవుడి బొమ్మ.

ఒక కృష్ణాష్టమికి ముందు వజ్రపుకొత్తూరు వైపు నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. మనవడికి ఏడాది నిండుతోంది. కోడలు ఫోన్‌లో బొమ్మ చూపించింది. నీలం మొహం, నెమలి పింఛం, బుగ్గ మీద వెన్న, చారెడేసి కళ్ళు. "ఇలాంటివి నలభై కావాలక్కా" అంది. అత్తగారు ఆ ఫోను అందుకుని దూరంగా పట్టుకుని చూసింది. "ఓలమ్మా, దేవుణ్ణి కొరుక్కు తినేస్తారేటి? ముందు కాళ్ళు తింతారా, తలకాయ తింతారా?" అని అడిగింది.

కోడలు నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే జవాబు నాకు తెలుసు. తలకాయే ముందు తింటారు. ఏ పిల్లాడూ కుకీని కాళ్ళ దగ్గర మొదలుపెట్టగా నేను చూడలేదు.

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే నా చిక్కు ఎక్కడుందో అర్థం కాదు. మా అమ్మ జీడిపప్పు బట్టీలో పొట్టు తీసే పనికి వెళ్ళేది. జీడి సొన అంటి వేళ్ళు నల్లబడిపోయేవి, ఎంత బూడిద రాసుకున్నా ఆ నలుపు పోయేది కాదు. పలాస పప్పుకు బజారులో లెక్కలున్నాయి. 240 రకం అంటే పౌనుకు 240 గుళ్ళకు మించి తూగకూడదు. 320 రకం అంటే ఇంకాస్త చిన్నవి. గుండు పప్పు ఊళ్ళు దాటిపోతుంది, బద్ద దాని తరవాత. ఆఖరికి మిగిలే ముక్క, నూక మాలాంటివాళ్ళకు. నా కుకీ ఆ నూకతోనే. మైదా రెండు పాళ్ళు, జీడిపప్పు పొడి ఒక పాలు, వెన్న ఒక పాలు, పంచదార పొడి అంతకు కాస్త తక్కువ. బేకింగ్ పౌడర్ వెయ్యను. వేస్తే ఓవెన్లో ఒళ్ళు విరుచుకుని ఏనుగు కాస్తా పందవుతుంది. పిండిని ఫ్రిజ్‌లో గట్టిపరిచి, 6 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, అచ్చుతో కోసి, 170 డిగ్రీల వేడిలో 12 నిమిషాలు కాల్చాలి. అసలు పని ఆ తరవాతే ఉంది. గట్టి ఐసింగుతో అంచు గీసి గట్టు కట్టాలి, ఆ గట్టు మధ్య పల్చటి ఐసింగు పోసి సూదితో సర్దాలి. అది ఆరాక దాని మీద చొక్కా గుండీలూ, మీసాలూ, కళ్ళూ.

ఐసింగుకు గుడ్డు తెల్లసొన గాని, దాని పొడి గాని వాడతారు. ఆంజనేయుడి బొమ్మకు, అదీ శనివారం పుట్టినరోజుకు, గుడ్డు సొన వాడమంటే ఎవరొప్పుకుంటారు? కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళను గిలక్కొడితే అచ్చం గుడ్డు సొనలాగే నురగ కడుతుంది. ఆంజనేయుడికి శనగలతో సరిపెట్టాను. ఆ నీళ్ళు గిలక్కొట్టే రోజు మా ఇంట్లో అందరికీ గుగ్గిళ్ళే.

కళ్ళు నేను ఆఖర్న పెడతాను. భక్తితో కాదు, తేమ భయంతో. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. శ్రావణ భాద్రపదాల్లో పంచదార ఏదైనా చెమర్చి కూర్చుంటుంది. కింది రంగు పూర్తిగా ఆరకుండా నల్ల చుక్క పెడితే అది నీలంలోకి పాకి, కన్నీళ్ళు కారినట్టు తయారవుతుంది. అందుకని రాత్రంతా ఫ్యాను కింద ఆరనిచ్చి, పొద్దున్నే కళ్ళు పెడతాను. అప్పటిదాకా బల్ల మీద నలభై మొహాలు కళ్ళు లేకుండా పడుంటాయి. వాటిలో ఒకటి విరిగిందనుకోండి, నోట్లో వేసుకుని టీ తాగేస్తాను. కళ్ళు పెట్టాక విరిగితే మాత్రం చెయ్యి ఆగుతుంది. పిండి అదే, పంచదార అదే. రెండు చుక్కలు పడ్డాక అది ఎవరో ఒకరు.

ఈ సంగతి మన శిల్పులకు ఎప్పుడో తెలుసు. రాతి విగ్రహానికి అన్నీ చెక్కి కళ్ళు మాత్రం ఆఖరికి ఉంచుతారు. ప్రతిష్ఠ వేళ బంగారు సూదితో కళ్ళు తెరుస్తారు, దానికి నేత్రోన్మీలనం అని ఒక తంతు ఉంది. తెరిచిన వెంటనే ఎదురుగా మనిషి నిలబడడు. అద్దమూ, ఆవూ దూడా చూపిస్తారు. మా పక్కనే ఉన్న పూరీ జగన్నాథుడిదీ అదే వరస. స్నాన పౌర్ణమి తరవాత స్వామికి జ్వరమని పదిహేను రోజులు దర్శనం ఉండదు. ఆ రోజుల్లో మళ్ళీ రంగులేసి, రథయాత్రకు ముందు నేత్రోత్సవం చేస్తారు. కొన్నేళ్ళకోసారి కొయ్య విగ్రహాలే మారుస్తారు. 1996లో మార్చారు, మళ్ళీ 2015లో. విగ్రహం లోపలుండే బ్రహ్మ పదార్థాన్ని పాత ఒంట్లోంచి కొత్త ఒంట్లోకి మార్చే దైతాపతులనే సేవకులకు కళ్ళకు గంతలు కడతారు, చేతులకు గుడ్డలు చుడతారు. పాత విగ్రహాలను గుడి ఆవరణలోనే పూడ్చిపెట్టి, సొంత మనిషి పోయినట్టు మైల పడతారు. దేవుడికి చావు తంతు పెట్టుకున్న మతం మనది. కాబట్టి బొమ్మ చెరిగిపోతుందే అన్న భయం మనకు అసలు లేదనే అనుకుంటాను. చెరిపే పద్ధతి ఏదన్నదే మన పట్టింపు.

ఈ జగన్నాథుడితోనే నాకు పెద్ద తంటా. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆషాఢంలో పుట్టిన పిల్లలకు రథయాత్ర థీమ్ అడుగుతారు. ఐసింగులో ఆయనంత సులువైన మొహం ఇంకొకటి లేదు. నల్లటి గుండ్రం, అందులో రెండు పెద్ద తెల్లటి గుండ్రాలు, కింద ఎర్రటి నవ్వు. గంటలో యాభై చెయ్యొచ్చు, డబ్బూ మిగులుతుంది. కాని ఆయన మొహం అంతా కళ్ళే. కళ్ళు తీసేస్తే మిగిలేది నల్ల బిస్కెట్టు. అలా అడిగినవాళ్ళకు రథం గీసిస్తాను. ఎర్ర పసుపు గుడ్డ, చక్రాలు, తాడు. ఆ ఇళ్ళవాళ్ళకు ఒక మాట కూడా చెబుతుంటాను: తిరుగు రథం నాడు పూరీలో మౌసీమా గుడి దగ్గర స్వామికి పెట్టేది పొడొ పిఠా, అంటే నిప్పుల మీద కాల్చిన పిండివంట. కాల్చిన తీపి ఆయన తింటాడు. ఆయన్ని కాల్చిన తీపిలో పెట్టి మనం తినడం వేరే సంగతి.

మరి మనం దేవుణ్ణి అసలు తినమా, ఒంటికి రాసుకోమా అంటే, చేస్తాం. ఏ పూజకైనా ముందు పసుపు ముద్ద చేసి వినాయకుడంటాం. తొండం లేదు, చెవులు లేవు, కళ్ళు లేవు. బొటనవేలితో నొక్కిన ముద్ద. పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి కదిపేస్తాం. పసుపు గౌరమ్మను ఆడవాళ్ళం పుస్తెలకు అద్దుకుంటాం, బుగ్గలకు రాసుకుంటాం. ఆమెకూ మొహం లేదు. తద్దినం పెట్టే పిండం మూడు తరాల పెద్దల పేర్లు మోస్తుంది, దానికీ మొహం లేదు. చవితి మట్టి వినాయకుడికి మాత్రం కళ్ళు, దంతం, ఎలుక అన్నీ ఉంటాయి, ఆయన నీళ్ళలోకి పోతాడు, నోట్లోకి పోడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకొకటి తోచింది. మన ఒంట్లో కలిసేదానికి మనవాళ్ళు మొహం పెట్టలేదు. మొహం పెట్టినదాన్ని ఏటికో సముద్రానికో అప్పగించారు. మా ఊళ్ళో చర్చికి వెళ్ళే ఒక స్నేహితురాలికి ఈ మాట చెబితే ఆమె కాసేపు ఆలోచించి, ప్రభు భోజనంలో వాళ్ళు తీసుకునే రొట్టెకూ మొహం లేదు కదా అంది.

ఇది శాస్త్రమని నేననడం లేదు. ఎదురు సాక్ష్యాలూ ఉన్నాయి. పెళ్ళి సారెలో పంచదార చిలకలు పెడతాం. చెక్క అచ్చులో పాకం పోసి తీసిన చిలకకు ముక్కూ కన్నూ ఉంటాయి, చప్పరించేస్తాం. చిలకను ఎవరూ ఆవాహన చెయ్యలేదు కాబట్టి ఫరవాలేదు అని సర్దిచెప్పుకోవచ్చు. డచ్చివాళ్ళయితే డిసెంబరు మొదట్లో సెయింట్ నికొలస్ పండగకు ఆ సాధువు బొమ్మనే చెక్క అచ్చులో ఒత్తి, మసాలా బిస్కెట్టుగా కాల్చి, గడ్డంతో సహా తింటారు. వందల ఏళ్ళుగా తింటున్నారు, సాధువుకూ వాళ్ళకూ మధ్య ఏ గొడవా వచ్చినట్టు లేదు.

పెద్దల వాదాలు ఎలా ఉన్నా, పిల్లలు ఈ తగాదా ఎప్పుడో తేల్చేసుకున్నారు. ఒక పిల్లాడు తన ఛోటా భీమ్‌ను తిననని మొండికేసి షోకేసులో పెట్టుకున్నాడట, చీమలు పట్టేదాకా. ఇంకో పిల్ల రంగంతా నాకి కళ్ళు మాత్రం వదిలేసింది. "అది చూస్తోంది" అందట. ఛోటా భీమ్‌కు ప్రాణప్రతిష్ఠ చేసిన పురోహితుడెవరూ లేడు. చూసే కళ్ళు ఎదురుగా ఉంటే చాలు, చిన్నవాళ్ళకు అక్కడ ఎవరో ఉన్నట్టే. వజ్రపుకొత్తూరు అత్తగారూ అదే అంది, మాట మాత్రం పెద్దవాళ్ళది.

ఆ కృష్ణాష్టమికి నేను చేసినవి ఇవి: వెన్నకుండ, పిల్లనగ్రోవి, నెమలి పింఛం, చిన్న పాదాలు, ఆవు. ఆవుకు కళ్ళు పెట్టాను. చిలకకు దొరికిన మినహాయింపు ఆవుకూ ఇచ్చాను. అత్తగారు పాదాలు చూసి చాలా సంతోషించింది. గుమ్మంలో ముగ్గుతో వేసే పాదాలు ఎలాగూ తొక్కుకునేవే కదా అని తనే సమాధానం చెప్పుకుంది. కోడలు కొంచెం ముఖం ముడుచుకుంది. ఫొటోలో కృష్ణుడు కనపడడని ఆమె బాధ.

పిల్లాడి సొంత మొహం అడిగేవాళ్ళు కూడా తక్కువేం కాదు. ఫొటో ఇస్తే తినే కాగితం మీద ముద్రించి ఇచ్చే దుకాణాలు వచ్చేశాయి, నా దగ్గరికొచ్చి అదే చేతితో గియ్యమంటారు. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి అతిథుల పోలికలతో అల్లం రొట్టె బొమ్మలు చేయించి వాళ్ళకే పెట్టేదని చెబుతారు. రాణిగారు పెద్దవాళ్ళతో పరాచికాలాడింది, బాగుంది. నేను మాత్రం పుట్టినరోజు నాడు ఆ పిల్లాడి మొహాన్నే పళ్ళ కింద పెట్టే పని చెయ్యను. మూఢనమ్మకమంటారా, అనండి. మాది ఉద్దానం. ఇక్కడి తల్లులకు భయపడడానికి కారణాలున్నాయి.

ఉద్దానం సంగతి బయటివాళ్ళకు రెండే మాటల్లో తెలుసు: కొబ్బరి, కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో మూత్రపిండాల జబ్బు ఇళ్ళకు ఇళ్ళను పట్టుకుంది. తాగే నీరా, ఎండలో చాకిరీయా, మందులా, ఏదీ ఇదమిత్థంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ మీదున్న మనిషికి ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో మొదటివాటిలో ఒకటి, కొబ్బరినీళ్ళు తాగొద్దని. పొటాషియం ఎక్కువ, గుండె ఆగిపోవచ్చు. జీడిపప్పూ వద్దంటారు. చుట్టూ ఏది పండుతుందో అదే నోటికి పనికిరాదు.

మన పుట్టినరోజుకు తంతు ఒకటుంది, కేకు వచ్చాక మూలపడింది. పాలల్లో నువ్వులు, బెల్లం కలిపి మార్కండేయుడికి నివేదించి పిల్లాడి చేత తాగించడం, చిరంజీవులను తలుచుకోవడం. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు. వీళ్ళలో పరశురాముడు మాకు ఇరుగుపొరుగే. ఆయన తపస్సు చేస్తున్నాడని పురాణాలు చెప్పే మహేంద్రగిరి మందస వెనకాలే లేస్తుంది, 1500 మీటర్ల ఎత్తున. అక్కడ పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చావులేనివాడు కొండ మీద, కింద ముప్పై అయిదేళ్ళకే మూత్రపిండాలు పాడైన రైతు. ఈ రెండూ ఒకే కిటికీలోంచి కనపడే ఊళ్ళున్నాయి మాకు.

అలాంటి ఒక ఊరి నుంచి ఒక నానమ్మ వచ్చింది. మనవడికి అయిదో పుట్టినరోజు. కొడుకు డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. సంచీలోంచి ఫొటో తీసి, "దీన్ని సూసి ఒక్క బిస్కెట్టు మీద గియ్యమ్మా. మీ నాన్న వచ్చాడ్రా అని గుంటడికి సెప్తాను" అంది.

"వాడు తినేస్తాడు కదమ్మా" అన్నాను.

"తిన్నీ. ఆడి నాన్నే గదా. ఆడి కడుపులోకే పోతాడు."

నా దగ్గరున్న వాదాలన్నీ ఆ ఒక్క మాట ముందు చాలలేదు. గీస్తాననీ గియ్యననీ చెప్పకుండా ఫొటో ఉంచుకున్నాను. మర్నాడు మా వీధి పంతులుగారిని అడిగాను. ఆయన అదిరిపోతారనుకున్నాను, అదిరిపోలేదు. "ఆ ముసలమ్మ చదువుకోకపోయినా సరిగ్గానే చెప్పిందమ్మా. శ్రాద్ధంలో మధ్య పిండాన్ని సంతానం కోరే ఇల్లాలు తినాలని మనుస్మృతిలోనే ఉంది. పెద్దలు ఆ దారినే మళ్ళీ ఇంటికొస్తారని" అన్నారు. నేను ఊరుకోక, పిండానికి మొహం లేదు కదండీ అన్నాను. లేదనే ఒప్పుకున్నారు.

ఆ నానమ్మ కొడుకు కొబ్బరికాయలు దింపేవాడు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140, 150 కిలోమీటర్ల గాలికి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే అయిదారేళ్ళు ఆగాలి. వాళ్ళ దొడ్లో నిలబడ్డవి కొన్నే, వాటినే అతను ఎక్కేవాడని నానమ్మ చెప్పింది. నేను కొబ్బరిచెట్టు గీశాను. దాని మీద ఎక్కుతున్న మనిషిని గీశాను, వీపు మనవైపు. కాళ్ళ మధ్య తాడు, నడుముకు ఫొటోలో ఉన్న ఎర్ర తువ్వాలు. ఎక్కుతున్నవాడికి మొహం కనపడదు కదా. నానమ్మ ఆ కుకీని తిప్పి తిప్పి చూసి, "మావోడే" అంది. పిల్లాడు దాన్ని తిని ఇంకోటి అడిగాడట.

ఇదంతా విని పంతులుగారు మెచ్చుకుంటారనుకుంటే, నా సూత్రాన్ని ఒక్క కాయతో పగలగొట్టారు.

"ఉద్దానంలో పుట్టి కళ్ళున్నది తినకూడదంటావేమిటమ్మా? కొబ్బరికాయకు మూడు కళ్ళు. పిలక జుట్టు. కలశం మీద పెట్టి దేవుడంటాం, గుళ్ళో బద్దలుకొట్టి పంచుకు తింటాం. మరి దీనికేం చెబుతావు?"

చాలాసేపు నాకేమీ తోచలేదు. చివరికి, "ఆ కళ్ళు ఎవరూ గియ్యలేదండీ" అన్నాను.

"ఓహో. అయితే దోషం తిన్నవాడిది కాదు, గీసినవాళ్ళదన్నమాట. మరి చవితి బొమ్మకు కళ్ళు దిద్దే కుమ్మరికో? వాడూ దిద్ది అమ్ముకుంటాడు. కొన్నవాళ్ళు ముంచుతారు."

"ఆ బొమ్మకు ముంచేముందు వెళ్ళిరమ్మని చెప్పేవాళ్ళున్నారు కదండీ. నా కుకీకి ఎవరు చెబుతారు? కొవ్వొత్తి ఊదడం, కొరకడం, అంతే."

"అంత ఇదిగా ఉంటే నువ్వే చెప్పు, డబ్బా మూత పెట్టేముందు."

ఆవాహనే చెయ్యనిదానికి ఉద్వాసన ఏమిటన్నాను. ఆయన పంచె దులుపుకుని లేస్తూ, "రాత్రంతా ఆరబెట్టి, పొద్దున్నే లేచి, ఊపిరి బిగపట్టి కళ్ళు పెడతానంటావు. మరి ఆవాహన అంటే ఇంకేమిటనుకుంటున్నావు?" అన్నారు.

ఆయనకు ఇంకా జవాబు చెప్పలేదు. నాది భక్తి కాదు, తేమ భయమని చెబుదామనుకున్నాను గాని, అది సగమే నిజం. ఈలోగా సోంపేట నుంచి ఆర్డరు వచ్చింది: శనివారానికి ఆంజనేయుడు, ముప్పై. గద, తోక, సంజీవి పర్వతం అన్నీ వస్తాయన్నాను. "మరి మొహం?" అని అడిగారు. కొండ ఎత్తుకుని అవతలివైపు ఎగిరిపోతున్నాడని చెప్పి, అడ్వాన్సు పంపమన్నాను.